జేబుల్లో చేతులు

నోజల్, కాలువ గట్టు
ఆదివారం, 8 సెప్టెంబర్ 1985

మ్యూరియల్,

ఇక్కడ మేమిద్దరం క్షేమం. కాకపోతే తడిసి ముద్దయ్యాం. పొద్దున ఎండ కాసిందని దుప్పట్లు పడవ పైకప్పు మీద ఆరేశాను. టీ కలుపుకుని పైకొచ్చేలోగా వాన. దుప్పట్లు లోపలికి లాక్కునేలోగా మళ్లీ ఎండ. ఈ ఆకాశానికి మీ అమ్మగారి బుద్ధే వచ్చిందండీ అంటే మీ అన్నయ్య మూతి ముడుచుకుని, "మధ్యలో మా అమ్మేం చేసింది నిన్ను?" అన్నాడు.

ఇక అసలు విశేషం. మన పడవ డాబ్‌చిక్ చుక్కాని ఈసారి నా చేతిలో ఉంది! నమ్మవు కదూ? ఈ పడవ కొన్నప్పటినుంచీ మీ అన్నయ్య వెనక నిలబడి, ఒక చేత్తో టీ కప్పు, ఒక చేత్తో చుక్కాని పట్టుకుని దొరలా వచ్చేవాడు. నేను వానలో ముందుకి పరిగెత్తి, కడ్డీ తిప్పి తూములెత్తి, లాకు తలుపులకి నడుం ఆనించి తోసి, పడవ కిందికి దిగాక మళ్లీ అవన్నీ మూసి, మళ్లీ పరిగెత్తేదాన్ని. కాలువ మీద ఏ పడవని చూసినా ఇంతే కదా, మొగుడు చుక్కాని దగ్గర, పెళ్లాం లాకుల దగ్గర. ఈ ఏడు మేం దాన్ని తిరగేశాం. ఎందుకంటావా, సరదాకి.

నిన్న ఒక వంతెన కింద దూరుతూ దాని రాతి బుగ్గని కాస్త గట్టిగానే ముద్దు పెట్టుకున్నాను. లోపల అలమరలోంచి మార్మలేడు సీసా దూకి ప్రాణాలు వదిలింది. ఆ చప్పుడికి మీ అన్నయ్య చెయ్యి ఎగిరొచ్చి చుక్కాని మీద పడింది. "ఆ చెయ్యి తియ్యండి" అన్నాను. "ఏ చెయ్యి?" అన్నాడు, దాన్ని అక్కడే ఉంచి.

ఇంకో సంగతి చూడు. ఎదురొచ్చే పడవల వాళ్లు నా వైపు చూడనే చూడరు. గట్టు మీద నడుస్తున్న మీ అన్నయ్యకి టోపీ ఎత్తి, "పడవ బావుంది సార్" అని ఆయనతోనే అంటారు. నేనూ పడవలో ఒక సామాననుకుంటారు కాబోలు.

జవాబు మార్కెట్ డ్రేటన్ పోస్టాఫీసుకి రాయి. మేం వెళ్లేదాకా అక్కడ అట్టే పెడతారు. గట్టు పొడుగునా బ్లాక్‌బెర్రీలు విరగకాశాయి. జామ్ చేసి నీకో సీసా పంపుతాను, వంతెనలు బతకనిస్తే.

చుక్కాని పట్టిన నీ వదిన,
ఈనిడ్


విట్బీ
మంగళవారం, 10 సెప్టెంబర్

వదినా,

నీ ఉత్తరం, నా పిల్లి బిషప్ పక్కింట్లోంచి ఎత్తుకొచ్చిన చేప, రెండూ ఒకేసారి గుమ్మంలోకి వచ్చాయి. చేప సంగతి తేల్చుకోవటానికి పక్కింటావిడ వచ్చి గంటసేపు నిలబడింది. అందుకే ఈ ఆలస్యం. ఇక్కడ సముద్రం మీంచి మంచు కమ్ముకొచ్చి ఎదురింటి తలుపే కనబడటం లేదు.

సరదా సరదా అంటున్నావు గానీ, అన్నయ్య మోకాళ్ల సంగతి నీకు తెలియదా? ఆ వయసు మనిషి చేత లాకు తలుపులు తోయించటం ఏం సరదా? నీకు వెనక దర్జాగా నిలబడాలని ఉంటే ఇంట్లో సోఫా వెనక నిలబడు.

పోన్లే, ఈ కాసిని రోజులే కదా. నీకో శుభవార్త. పడవకి బేరం కుదిరింది! నా పళ్ల డాక్టరు పికర్స్‌గిల్ గారు కొంటారు. నా దవడ పన్ను పీకుతూనే మాటిచ్చాడు. ఇరవై ఒకటో తారీకు శనివారం నాంట్‌విచ్ రేవులో మీ కోసం ఎదురు చూస్తాడు.

మొన్న వేసవిలో అన్నయ్య రాశాడు, "ఈనిడ్‌కి ఆ లాకులతో విసుగెత్తిపోయింది, పడవ వదిలించుకోవాలని ఉంది, మొహమాటానికి బయటపడదు, ఎవరైనా ఉంటే చూడు" అని. నాకు కన్నీళ్లాగలేదు వదినా. నీ అరచేతుల్లో ఆ కాయలు ఎన్నేళ్లుగా చూస్తున్నాను! ప్రతి క్రిస్మస్‌కీ ఆ లాకుల్ని తిట్టకుండా ఒక్క ముద్ద దిగేదా నీకు? అందుకే పూనుకుని చూశాను. ఇక హాయిగా ఇంటిపట్టున ఉందువుగాని. నాకు థాంక్సులూ అవీ అక్కర్లేదు.

నీ మేలు కోరే ఆడపడుచు,
మ్యూరియల్


మార్కెట్ డ్రేటన్
శుక్రవారం, 13 సెప్టెంబర్

మ్యూరియల్,

థాంక్సులు అక్కర్లేదన్నావు, మంచిది. నేను చెప్పటం లేదు.

నీ ఉత్తరం పోస్టాఫీసు మెట్ల మీదే నిలబడి చదివాను. మీ అన్నయ్య ఎదుట బెంచీ మీద కూర్చుని మాంసం కూరిన రొట్టె తింటున్నాడు. "పడవ అమ్మేస్తున్నారా?" అని అడిగాను. "ఎవరన్నారు?" అన్నాడు. "మీ చెల్లెలు." "దాని నోట్లో నువ్వుగింజ నానదు" అని రొట్టె సగంలో పక్కన పెట్టేశాడు. ఆయన తిండి సగంలో వదిలెయ్యటం నా జన్మలో చూడలేదు.

బజారని కూడా చూడకుండా కడిగేశాను. "నాకు విసుగెత్తిందని ఎప్పుడు చెప్పాను? లాకుల్ని తిట్టుకున్నాను గానీ పడవనేమైనా అన్నానా?" అని. ఆయన తలొంచుకుని, "నేను నడపలేను, నీకు నడపటం రాదు, ఇంకెందుకు ఈనిడ్ ఆ పడవ?" అన్నాడు. ఎందుకు నడపలేడో నన్నడక్కు. నీకు చెప్పనని ఆయన చేతిలో చెయ్యేసి మాటిచ్చాను.

ఒకటి మాత్రం విను. స్టాక్‌పోర్టు ఇంట్లో నేను వంట చేసే, గుడ్డలుతికే, గుమ్మం కడిగే మనిషిని. పడవలో తెల్లవారి కిటికీ తెరిస్తే పొగమంచులో కొంగ నిలబడి నావైపు చూస్తుంది. ఆ కిటికీ నాది, ఆ కొంగ నాది. డాబ్‌చిక్ పోతే నాకు సగం ప్రాణం పోయినట్టే. నువ్వు నా మేలే కోరావని తెలుసు, కానీ నన్నొక్క మాట అడగాల్సింది.

నాకు నడపటం రాదని ఆయన అనటానికి కారణం టర్లీ లాకులు. నిన్న ఆ లాకులన్నీ సుబ్బరంగా దిగాను. కింది లాకు దాటి బయటికి రాగానే పక్కతూము నీళ్లు పడవ ముక్కుని ఒక్క తోపు తోస్తాయి, నీకు గుర్తుందో లేదో. నేను చుక్కాని తిప్పి సరిచేస్తూనే ఉన్నాను. అప్పుడే పడవ ఎక్కిన మీ అన్నయ్య చెయ్యి ఎగిరొచ్చి రెండోవైపు లాగింది. పడవ నేరుగా వెళ్లి ఒడ్డునున్న రాతి అరుగెక్కి కూర్చుంది. గెడ పెట్టి తోసినా కదల్లేదు. గట్టు మీద వాళ్లు బీరు గ్లాసులు పట్టుకుని మరీ వచ్చి చూశారు. ఒకాయన మీ అన్నయ్యతో అంటాడూ, "అందుకే సార్, ఆడాళ్లకివ్వకూడదు" అని. మీ అన్నయ్య నోరు మెదపలేదు. ఆ మాటకంటే ఆయన మెదపకపోవటమే నాకు ఎక్కువ మండింది.

అందుకని పోస్టాఫీసు ముందే పందెం వేశాను. నాంట్‌విచ్ రేవులో తాడు కట్టేదాకా నేనే నడుపుతాను. లాకుల దగ్గర గట్టు మీద ఏం చేసుకున్నా సరే, పడవ మీద ఉన్నంతసేపూ ఆయన చేతులు కోటు జేబుల్లోనే ఉండాలి. ఒక్కసారి బయటికొచ్చినా, నేను ఎక్కడైనా పడవని ఇరికించినా, డాబ్‌చిక్ నీ పళ్ల డాక్టరుది. క్షేమంగా చేరామా, అది మనది. "సరే" అన్నాడు. ఇప్పుడు నా వెనకే నిలబడి ఉన్నాడు, జేబుల్లో చేతులు గిలగిల్లాడుతున్నాయి.

పికర్స్‌గిల్ గారిని రావద్దని చెప్పు. జవాబు ఆడ్లెం పోస్టాఫీసుకి.

ఈనిడ్


విట్బీ
సోమవారం, 16 సెప్టెంబర్

వదినా,

నిన్న చర్చిలో నా తల తీసేసినట్టయింది.

మా టాటర్సల్ గారి భార్య నీకు తెలుసుగా, అదే, ఏ ఊరెళ్లినా అక్కడి వార్తలు మూటగట్టుకొస్తుంది. వాళ్లు పోయిన వారం కాలువల వైపే షికారు వెళ్లారట. టీ పంచుతూ అందరి ముందూ, "మీ అన్నగారిని చూశామండీ మ్యూరియల్ గారూ. పాపం, వానలో లాకు తలుపులు తోస్తున్నారు. మీ వదినగారేమో వెనక నిలబడి బిస్కెట్లు తింటున్నారు" అంది. దానికి నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆ తర్వాత గొంతు తగ్గించి, "తలుపులు తడుముకుంటూ నడుస్తున్నారండీ. పలకరిస్తే నా మొహంలోకి చూడకుండా ఎటో చూస్తూ మాట్లాడారు" అంది.

ఇప్పుడర్థమైంది నీ రహస్యం. అన్నయ్య తాగుతున్నాడు. పట్టపగలు! అందుకేగా చుక్కాని లాక్కున్నావు? అందుకేగా చేతులు జేబుల్లో పెట్టించావు, సీసా పట్టుకోకుండా? నా తోడబుట్టినవాడి సంగతి నాకు చెప్పకుండా నెత్తిన పెట్టుకుని ఒక్కదానివే మోస్తున్నావా? నీమీద ఎంత కోపమొచ్చిందో అంత జాలీ వేసింది.

అందుకే చెబుతున్నాను, పికర్స్‌గిల్‌ని నేను ఆపను. తాగి ఏ లాకులోనో పడితే ఎవరు దిక్కు? శనివారం ఆయన వస్తాడు, పడవ అమ్మేసి అన్నయ్యని ఇంటికి తీసుకెళ్లు. నీ కొంగలు ఇంకెక్కడైనా దొరుకుతాయి.

బిషప్‌కి జలుబు చేసింది. నాకూ చేసేలా ఉంది.

మ్యూరియల్


ఆడ్లెం
గురువారం, 19 సెప్టెంబర్

మ్యూరియల్,

తాగుడా! నీ ఉత్తరం పైకి చదివి వినిపిస్తే మీ అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. అదీ జేబుల్లోంచే పట్టుకుని. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకోవటానికి గట్టు మీదికి దిగాడు. అక్కడ చాలాసేపు నిలబడి వచ్చి, "చెప్పెయ్ ఈనిడ్. దానికి కూడా చెప్పెయ్" అన్నాడు.

"దానికి కూడా" అన్నాడంటే, అప్పటికే ఒకరికి చెప్పాడు మరి. ఆ సంగతి ముందు రాస్తాను.

ఆడ్లెంలో కొండ దిగినట్టు లాకు వెంట లాకు. పొద్దుటినుంచీ వాన, మధ్యలో వడగళ్లు, ఆ వెంటనే ఎండ. మీ అన్నయ్య కడ్డీ భుజాన వేసుకుని లాకు నుంచి లాకుకి నడుస్తున్నాడు. పైకొచ్చే పడవ ఒకటి ఎదురైంది. ఎర్రమొహం మనిషి చుక్కాని దగ్గర, ఆయన భార్య లాకు దగ్గర. ఆ ఎర్రమొహం మీ అన్నయ్యని చూసి, "ఏం గురూ, ఏం తప్పు చేశావు? ఇంటావిడ శిక్ష వేసిందా?" అని కేకేశాడు. గట్టు మీద అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండి ఏదో అనబోయాను.

మీ అన్నయ్య కడ్డీ కింద పెట్టి, నింపాదిగా అన్నాడు, "నాకు కళ్లు కనబడవు బాబూ. ఆవిడకి కనబడతాయి. అందుకని ఆవిడ నడుపుతోంది. నాకంటే బాగా నడుపుతోంది."

అవును మ్యూరియల్. మీ అమ్మగారికి వచ్చిందే. కంటి మధ్యలో మసక, అంచుల్లో మాత్రం కాస్త కనబడుతుంది. డాక్టరు ఇంక చేసేదేమీ లేదన్నాడు. అమ్మకి చివరిదాకా చాకిరీ చేసింది నువ్వు, మళ్లీ అదే చూసి నువ్వు కుమిలిపోతావని దాచమన్నాడు. పడవ అమ్మటానికి నా పేరు వాడుకున్నదీ అందుకే. ఆ పిచ్చివాణ్ణి కోప్పడకు, నేను నీ వంతు కూడా కోప్పడ్డాను.

తడుముకుంటున్నాడని దిగులు పడకు. నీళ్ల చప్పుడు వినే లాకు ఎంత నిండిందో చెప్పేస్తున్నాడు. ఇన్నేళ్లు నేను కళ్లు పెట్టుకుని చేసిన పని చెవులతో నాకంటే నీటుగా చేస్తున్నాడు. ఆ ఎర్రమొహం ఏం చేశాడో తెలుసా? టోపీ తీశాడు. మీ అన్నయ్యకి కాదు, నాకు. కాలువ మీద నాకు టోపీ తీసిన మొదటి మనిషి. వెనక్కి తిరిగి చూస్తే ఆయన భార్య చుక్కాని దగ్గరుంది, ఆయన గట్టు మీద తలుపు తోస్తున్నాడు!

ఇక మిగిలింది నాంట్‌విచ్. శనివారం గాలివాన అని రేడియో చెబుతోంది. అక్కడ కాలువ ఎత్తైన కట్ట మీద పోతుంది, చెట్టూ చేమా అడ్డుండదు. గాలి పడవని అడ్డంగా కొడుతుండగా, మూల తిరిగి ఇరుకు నోట్లోంచి రేవులోకి దూరాలి. మీ అన్నయ్యే అక్కడ రెండుసార్లు గోడకి కొట్టాడు. భయంగా ఉంది, నీ దగ్గర దాపరికమేముంది.

ఈ ఉత్తరం అందగానే ఆ డాక్టరుని ఆపు. ఆపలేకపోతే నా కోసం గట్టిగా ప్రార్థన చెయ్యి.

నీ వదిన,
ఈనిడ్


విట్బీ
ఆదివారం, 22 సెప్టెంబర్

వదినా,

నీ ఉత్తరం నిన్న పొద్దున వచ్చింది. నేను రాత్రి చదివాను. మధ్యలో నేనెక్కడున్నానో చెబితే నన్నేం తిడతావో తిట్టు.

నాంట్‌విచ్‌లో ఉన్నాను.

పోస్టు రాకముందే పికర్స్‌గిల్ కారెక్కేశాను. అన్నయ్య తాగుడు మాన్పించి, నిన్ను దులిపి, పడవ అమ్మించి రావాలని. రేవు దగ్గర గాలికి నిలబడలేకపోయాం. రేవులో ఉన్నవాళ్లంతా తమ తాళ్లు బిగించుకుని బయటికొచ్చి కాలువ వైపు చూస్తున్నారు. "ఈ గాలిలో ఎవరో వస్తున్నారు, పిచ్చాళ్లు" అన్నాడొకడు. చూస్తే మన డాబ్‌చిక్!

వదినా, నేను సముద్రం పక్కన పుట్టి పెరిగాను. పడవ నడిపేవాళ్లు నాకు కొత్తకాదు. నీ తల మీద గుడ్డ ఎగిరిపోయింది, జుట్టంతా మొహాన పడుతోంది, నువ్వు చెయ్యెత్తి సర్దుకోను కూడా లేదు. గాలి కొట్టినప్పుడల్లా పడవ ముక్కు గోడ వైపు పోతోంది. నువ్వు తొందరపడలేదు. గాలి కాస్త తగ్గేదాకా అక్కడే ఆపి పట్టుకుని, తగ్గిన ఆ క్షణంలో ఒక్క ఊపున తిప్పి, ఆ ఇరుకు నోట్లోకి దూరి, ఏ గోడకీ రాసుకోకుండా లోపలికొచ్చేశావు. రేవులో వాళ్లంతా చప్పట్లు కొట్టారు. పిచ్చాళ్లన్నవాడు ఈల వేశాడు. కోపంగా వచ్చినదాన్ని, నేను కూడా కొట్టాను. "మా వదినండీ! మా వదిన!" అని పికర్స్‌గిల్ భుజం మీద బాదాను.

అన్నయ్య నీ పక్కనే నిలబడి ఉన్నాడు, చేతులు జేబుల్లో. నేను మూసిన ఎర్ర గొడుగు ఊపుతూ గొంతు చించుకుని పిలిచాను. నా వైపు తిరిగాడు. తిన్నగా నా వైపే. చెయ్యి ఊపలేదు, సరే, పందెం. నవ్వచ్చుగా? తల ఊపచ్చుగా? ఏదీ లేదు, మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. టాటర్సల్ ఆవిడ చెప్పినట్టే. "మీరే వెళ్లి మాట్లాడుకోండి, నేను రాను" అని డాక్టరుకి చెప్పి వెళ్లి కారులో కూర్చున్నాను. నా సంగతి ఎత్తద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను.

కాసేపటికి ఆయన నవ్వుకుంటూ తిరిగొచ్చాడు. "బేరం ఎంతవరకొచ్చింది?" అంటే, "బేరమా? నేను మీ అన్నయ్యగారిని అడిగితే ఆయన 'నన్నడుగుతారేంటండీ? పడవ నడిపే మనిషిని అడగండి' అన్నారు. ఆవిడని అడిగితే 'అమ్మం' అన్నారు. అంతే" అన్నాడు. దారి పొడుగునా నిన్నే పొగుడుతూ వచ్చాడు.

ఇంటికొచ్చి తలుపు తీస్తే నీ ఉత్తరం. నిలబడే చదివాను. చదివి అక్కడే చాప మీద కూలబడ్డాను. కళ్లు కనబడనివాడి మీద అలిగి కారులో కూర్చున్నాను వదినా. పక్కనే ఉండి కూడా వాణ్ణి తాకకుండా వచ్చేశాను.



మ్యూరియల్


నాంట్‌విచ్ రేవు
బుధవారం, 25 సెప్టెంబర్

మ్యూరియల్,

ఇక ఏడుపు ఆపు. నీ ఉత్తరం చదువుతుంటే నా కళ్లద్దాలు కూడా తడిసిపోయాయి.

తిడతాను గానీ, ముందు మీ అన్నయ్య చెప్పమన్నది విను.

శనివారం రేవులోకి దూరగానే నా చెవి దగ్గర, "గట్టు మీద ఎవరో అచ్చం మా మ్యూరియల్ లాగా అరుస్తున్నారు" అన్నాడు. "మీ చెల్లెలు విట్బీలో ఉంది, నోరు మూసుకుని నిలబడండి" అన్నాను. నా కళ్లు గోడ మీదే ఉన్నాయి, ఇంకేదీ చూడలేదు. "లేదు, అదే. ఎర్రగా ఏదో ఊగుతోంది" అన్నాడు. నేను మళ్లీ కసిరాను. తాడు కట్టాక ఎంత వెతికినా నువ్వు లేవు. అన్నీ ఊహించుకుంటున్నారని ఎగతాళి కూడా చేశాను. నీ ఉత్తరం వచ్చేదాకా ఆ మాట నమ్మలేదు. ఇప్పుడు ఆయన ముందు నేను మొహం ఎత్తుకోలేకపోతున్నాను, ఆయన మాత్రం పొద్దుటినుంచీ ఒకటే గొప్పలు.

ఆయన నిన్ను విన్నాడు. చెయ్యి ఊపాలని ప్రాణం కొట్టుకుందట. తీస్తే నేను ఓడిపోతాను. అందుకని జేబుల్లో పిడికిళ్లు బిగించుకుని నిలబడ్డాడు. పడవ అమ్మాలన్న మనిషే! కోటు జేబు ఒకటి లోపల చిరిగిపోయింది, ఇప్పుడే కుట్టాను.

మొహం తిప్పుకున్నాడన్నావు కదూ. మ్యూరియల్, ఆయన కంటికి మధ్యలో ఏమీ కనబడదు. అంచుల్లోనే కనబడుతుంది. తిన్నగా చూస్తే ఎదుటి మనిషి ఉన్నచోట ఒక మసక మచ్చ ఉంటుంది, అంతే. ఎవరినైనా చూడాలంటే మొహం పక్కకి తిప్పాలి. నన్ను కూడా ఇప్పుడు అలాగే చూస్తాడు. నీ గొంతు వినగానే తిన్నగా తిరిగాడు, కనబడలేదు. అప్పుడు నిన్ను చూడటానికి పక్కకి తిప్పాడు. చూశాడు కూడా. ఎర్ర గొడుగూ, దాని కింద నీ నీలం కోటూ. కోటు రంగు చెప్పింది ఆయనే, నీలమా కాదా?

ఇక నా తిట్టు. మే నెలలో మేం తిరిగి పైకి వెళతాం, ఆడ్లెం లాకులన్నీ ఎక్కాలి. తలుపులు తోయటానికి మీ అన్నయ్యకి తోడు కావాలి. నువ్వు రావాలి, ఆ పికర్స్‌గిల్ నీ పళ్లన్నీ పీకేసినా సరే. కడ్డీ నీకూ ఒకటి కొన్నాను. జామ్ కూడా ఉంది, రెండు సీసాలు, ఏ వంతెనకీ బలి కాలేదు.

మొదటి లాకు దగ్గర నిలబడి నీ గొంతుకొద్దీ కేకెయ్యి. మీ అన్నయ్య మొహం తిప్పుకున్నాడంటే నిన్నే చూస్తున్నాడని అర్థం. ఈసారి చేతులు రెండూ బయటే ఉంటాయి.

నీ వదిన,
డాబ్‌చిక్ సరంగు,
ఈనిడ్